ఎండతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో, బావి నిండా నీళ్లుండీ తాగడానికి చెంబెడు నీళ్లు కొనుక్కోవలసిన ఇళ్లు కనిపిస్తాయి. ఎండతో ఆ ఉప్పునీటిని స్వేదనం చేసుకోవచ్చని, అంటే ఆవిరి చేసి ఆ ఆవిరిని మంచినీరుగా పట్టుకోవచ్చని విన్నవారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి, వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ అమర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అందువల్ల కొన్ని అంకెలు మళ్లీ కనిపిస్తాయి.

## నిర్ణయించుకునే ముందు

ఎండతో నీళ్లు శుద్ధి చేయడమంటే అసలు ఏం జరుగుతుంది?

లోతు తక్కువగా ఉన్న నల్లని తొట్టెలో ఉప్పునీరు పోసి, పైన వాలుగా అద్దం బిగించి, గాలి చొరబడకుండా మూస్తారు. ఎండ అద్దం గుండా లోపలికి వచ్చి తొట్టె అడుగును వేడి చేస్తుంది. నీరు మరగకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి తనకన్నా చల్లగా ఉన్న అద్దం లోపలి ముఖానికి తగిలి చెమ్మగా మారి, వాలు వెంట జారి, కింది అంచున ఉన్న సన్నని కాలువలో పడి, గొట్టం ద్వారా సీసాలోకి చేరుతుంది. ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము వంటివి ఆవిరి కావు కాబట్టి తొట్టెలోనే ఉండిపోతాయి. నౌపడ ఉప్పు మళ్లలో ఎండ చేసే పని కూడా ఇదే. అక్కడ ఉప్పును ఉంచుకొని ఆవిరిని గాలికి వదిలేస్తారు, ఇక్కడ ఆవిరిని పట్టుకొని ఉప్పును వదిలేస్తాము.

దీనికి సోలార్ ప్యానెల్ కొనాలా? కరెంటు కావాలా?

రెండూ అక్కరలేదు. ప్యానెల్ ఎండను కరెంటుగా మారుస్తుంది. ఈ పెట్టె ఎండ వేడిని నేరుగా వాడుకుంటుంది. ఇందులో మోటారు లేదు, కదిలే భాగం లేదు. ఇంటి మీద ప్యానెళ్లకు ప్రభుత్వం ఇచ్చే రాయితీకీ దీనికీ సంబంధం లేదు.

ఒక పెట్టె రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?

ఒక చదరపు మీటరు తొట్టె నుండి మంచి ఎండ ఉన్న రోజున 3 లీటర్లు వస్తాయని లెక్క వేసుకుంటే మోసపోరు. మార్చి నుండి మే వరకు, పెట్టె పకడ్బందీగా ఉంటే 4 లీటర్ల దాకా రావచ్చు. ముసురు పట్టిన రోజున ఒక లీటరు కూడా రాకపోవచ్చు.

ఈ పరిమితి ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకోవడం మంచిది. మన ప్రాంతంలో ఒక చదరపు మీటరు నేల మీద సగటున రోజుకు సుమారు 5 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) సౌరశక్తి పడుతుంది. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.67 యూనిట్ల వేడి కావాలి. అంటే ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోయినా, ఆ ఎండతో ఏడున్నర లీటర్లకు మించి రావు. నిజానికి కొంత ఎండను అద్దమే తిప్పికొడుతుంది, కొంత వేడి తొట్టె అడుగు నుండి, పక్కల నుండి పోతుంది, మరికొంత అద్దం మీది గాలి ఎత్తుకుపోతుంది. మిగిలేది మూడో వంతు నుండి సగం లోపే. అందువల్ల మామూలు ఒంటి అద్దపు పెట్టెను చూపించి చదరపు మీటరుకు 10 లీటర్లు ఇస్తుందని ఎవరైనా చెబితే, ధర అడగకుండానే వెనుదిరగవచ్చు.

మా ఇంట్లో నలుగురం ఉన్నాం. మాకు ఎంత పెట్టె కావాలి?

తాగడానికి మాత్రమే అయితే మనిషికి రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున 10 లీటర్లు కావాలి. చదరపు మీటరుకు 3 లీటర్ల లెక్కన మూడున్నర చదరపు మీటర్లు సరిపోతాయి, మబ్బు రోజులను దృష్టిలో ఉంచుకుంటే నాలుగున్నర కట్టుకోవడం మేలు. పప్పు ఉడకడానికి, అన్నానికి, టీకి కూడా ఇదే నీరు వాడాలనుకుంటే మరో 5 లీటర్లు కలిపి ఆరు చదరపు మీటర్ల వరకు వెళ్లాలి. అది డాబా మీద ఒక నవారు మంచం కన్నా చాలా ఎక్కువ స్థలం. స్నానానికి, బట్టలకు ఈ నీటిని ఆశించకూడదు. ఆ పనులకు బావి నీరే వాడుకోవాలి.

ఆర్వో మిషను ఉండగా దీని వెంట పడడం ఎందుకు?

ఊరికి నమ్మకమైన కరెంటు, మిషనును చూసుకునే మనిషి, మార్చడానికి మెంబ్రేన్లు (ఉప్పును వడగట్టే పొరలు) అందుబాటులో ఉంటే, లీటరు ఖర్చులో ఆర్వోయే చౌక. ఇందులో వాదన లేదు. సముద్రపు నీటిని పెద్ద ఆర్వో కేంద్రంలో శుద్ధి చేయడానికి వెయ్యి లీటర్లకు సుమారు 3 నుండి 4 యూనిట్ల కరెంటు చాలు. అదే వెయ్యి లీటర్లను మామూలు పద్ధతిలో ఆవిరి చేయాలంటే 650 యూనిట్లకు పైగా వేడి కావాలి. ఆ వేడి ఉచితంగా వస్తుంది గానీ దాన్ని పట్టుకునే అద్దం, స్థలం ఉచితంగా రావు.

స్వేదన పెట్టెకు పైచేయి ఉండేది వేరే పరిస్థితుల్లో. నీటి అవసరం రోజుకు పది ఇరవై లీటర్లకు మించనిచోట, కరెంటు తరచుగా పోయేచోట, బావి నీరు ఇంట్లో వాడే ఆర్వో తట్టుకోలేనంత ఉప్పగా ఉన్నచోట, చెడిపోతే బాగుచేసేవారు పట్నం నుండి రావలసినచోట ఇది నిలబడుతుంది. ఇంటి ఆర్వో మిషను సాధారణంగా లోపలికి తీసుకున్న నీటిలో సగానికి పైగా పారబోస్తుంది, మెంబ్రేన్ మార్పిడి ఖర్చు ఎప్పటికప్పుడు ఉంటుంది. పెట్టెకు తరచుగా అయ్యే ఖర్చు కడగడానికి పట్టే ఓపిక మాత్రమే.

మేము ఉద్దానంలో ఉంటాం. ఈ నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాకుండా ఉంటుందా?

అలా హామీ ఇవ్వకూడదు, ఎవరైనా ఇస్తే నమ్మకూడదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి ఇదీ కారణమని ఒక్కదాన్ని చూపించి తేల్చిచెప్పిన నిర్ధారణ లేదు. భూగర్భ జలంలోని పదార్థాలతో పాటు ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రల వాడకం, పురుగుమందులు వంటివన్నీ పరిశీలనలో ఉన్నవే. స్వేదనం నీటిలో కరిగిన లవణాలను, సిలికాను, భార లోహాలను తొలగిస్తుంది. తొలగించే పని అంతవరకే. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానానికి పైపుల ద్వారా తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ కుళాయి మీ వీధికి సక్రమంగా వస్తుంటే దానినే వాడుకోవడం తేలిక. ఇప్పటికే కిడ్నీ సమస్య ఉన్నవారు ఏ నీరు అన్నదానితో పాటు రోజుకు ఎంత తాగాలన్నది కూడా వైద్యుడినే అడగాలి.

నీళ్లు మరిగించి తాగితే సరిపోదా?

మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. పైగా నీరు కొంత ఆవిరవుతుంది కాబట్టి మిగిలిన నీటిలో ఉప్పు, ఫ్లోరైడు ఇంకాస్త చిక్కబడతాయి.

## పెట్టె కట్టుకునేటప్పుడు

ఎక్కడ పెట్టాలి? ఏ దిక్కుకు తిప్పాలి?

ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం నాలుగు వరకు నీడ పడని చోటు కావాలి. కొబ్బరి తోటలో ఉన్న ఇళ్లకు ఇదే అసలు చిక్కు. పెరట్లో స్థలం ఉన్నా మట్టల నీడ రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ఎండుమట్టో కాయో అద్దం మీద పడే భయమూ ఉంటుంది. అందుకని డాబా మీద పెట్టడమే మంచిది. అద్దం వాలు దక్షిణం వైపుకు ఉండాలి. శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. 10 నుండి 20 డిగ్రీల మధ్య వాలు మనకు సరిపోతుంది. పది డిగ్రీల కన్నా తగ్గిస్తే చుక్కలు కాలువ దాకా జారకుండా మధ్యలోనే తొట్టెలో రాలిపోతాయి. మరీ నిటారుగా నిలబెడితే వేసవిలో నడినెత్తి మీది ఎండ సరిగా లోపలికి పోదు, నీటికీ అద్దానికీ మధ్య ఖాళీ పెరిగి ఆవిరి అందుకోవడం ఆలస్యమవుతుంది.

అద్దం ఖరీదు కదా, ప్లాస్టిక్ పట్టా వేస్తే?

వేయవచ్చు గానీ నిరాశపడతారు. అద్దం మీద నీరు పలుచని పొరలా పరుచుకొని జారుతుంది. ప్లాస్టిక్ మీద గుండ్రని చుక్కలుగా నిలిచి, బరువెక్కాక అక్కడే తొట్టెలోకి ఊడిపడుతుంది. పైగా ఎండకు పట్టా ఒకటి రెండు సీజన్లలో పెళుసెక్కి చిరుగుతుంది. కిటికీలకు వాడే 4 మిల్లీమీటర్ల మామూలు అద్దం చాలు. పిల్లలు తిరిగే డాబా అయితే టఫెన్డ్ అద్దం తీసుకోవాలి.

తొట్టె దేనితో చేయించాలి?

ఉప్పునీరు, 60-70 డిగ్రీల వేడి, రోజూ తడిసి ఆరడం, ఈ మూడూ కలిస్తే చాలా వస్తువులు ఓడిపోతాయి. జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) అతుకుల దగ్గర మొదలుపెట్టి తుప్పు పడుతుంది, అల్యూమినియానికి ఉప్పు గుంటలు పెడుతుంది. ఊళ్లో పని తెలిసిన తాపీమేస్త్రి ఉంటే సిమెంటుతో, సన్నని ఇనుప వలతో పలుచని తొట్టె పోయించడం చౌకైనది, మన్నికైనది. నీరు పీల్చకుండా లోపల వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. మోసుకుపోయేలా ఉండాలంటే ఫైబర్ తొట్టె మేలు, మన మరపడవలకు ఫైబర్ పని చేసేవారు అలాంటిది తయారు చేయగలరు. నీరు జారిపడే కాలువకు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి, ఎందుకంటే తాగే నీరు నేరుగా దానినే తాకుతుంది.

తొట్టె అడుగున వేడి పోకుండా ఏదో ఒకటి నింపాలి. థర్మోకోల్ దొరుకుతుంది గానీ తొట్టె ఎండిపోయిన రోజున ఆ వేడికి మెత్తబడి కుంగుతుంది. మన దగ్గర కొబ్బరి పీచుకు కొదవ లేదు. బాగా ఎండబెట్టి, తడి తగలకుండా పట్టాలో చుట్టి, నాలుగు వేళ్ల మందాన పరిస్తే అది చక్కగా పనిచేస్తుంది. తడిసిన పీచు మాత్రం ఎందుకూ పనికిరాదు.

లోపల వేసే నల్లరంగు నీళ్లలోకి దిగదా?

రంగు తొట్టె నీటిలోనే ఉంటుంది, సీసాలోకి వచ్చేది ఆవిరి. అయినా రంగులోని ద్రావకం వేడికి ఆవిరై నీటితో పాటు వస్తుంది కాబట్టి, సీసం లేని రంగునే ఎంచుకొని, అద్దం బిగించక ముందే కనీసం ఒక వారం ఎండలో బాగా ఆరనివ్వాలి. సిమెంటు తొట్టెకైతే గచ్చులోనే నల్ల ఆక్సైడు పొడి కలిపితే రంగు గొడవే ఉండదు. నా మటుకు ఆ పద్ధతే నచ్చుతుంది.

తొట్టెలో నీళ్లు ఎంత లోతు పోయాలి?

రెండు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి మొదటి కణుపు దాకా. లోతు తక్కువైతే నీరు త్వరగా వేడెక్కి ఎక్కువ ఆవిరి వస్తుంది; నిండుగా పోస్తే పగలంతా నీరు వేడెక్కడానికే సరిపోతుంది, కాస్త నీరు రాత్రి వస్తుంది గానీ మొత్తం మీద తగ్గుతుంది. అయితే మరీ పలుచగా పోసి ఎండిపోనివ్వడం అంతకన్నా తప్పు. ఎండిన తొట్టెలో వేడి అదుపు తప్పి రంగు పగులుతుంది, అతుకుల్లో సందులు మూసే సిలికాన్ జిగురు వదులవుతుంది, ఉప్పు అడుగుకు గట్టిగా అంటుకుపోతుంది. తొట్టె మట్టంగా లేకపోతే ఒక మూల నీరు నిలిచి రెండో మూల ఎండుతుంది కాబట్టి కట్టేటప్పుడే మట్టగోల పెట్టి చూసుకోవాలి.

## మొదటి రోజులు

మొదట వచ్చిన నీళ్లు వాసన వస్తున్నాయి. తాగవచ్చా?

తాగకూడదు. ఆ వాసన రంగుదో సిలికాన్‌దో అయి ఉంటుంది. బజారులో దొరికే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. వాసన పూర్తిగా పోయే వరకు, సాధారణంగా ఒకటి రెండు వారాలు, వచ్చిన నీటిని మొక్కలకు వాడుకోవాలి. మళ్లీ అతుకు వేసిన ప్రతిసారీ ఇలాగే చేయాలి.

అద్దమంతా చెమ్మ పట్టింది, సీసాలోకి మాత్రం చుక్క రావడం లేదు. ఎందుకు?

ముందు కాసేపు అద్దాన్ని దగ్గర నుండి గమనించండి. ఉదయం ఎనిమిదికి లోపలి వైపు తెల్లని మసక ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ మసక చిన్న చుక్కలై, పది గంటల ప్రాంతంలో పక్కపక్క చుక్కలు కలిసి సన్నని గీతలుగా కిందికి దిగడం మొదలవుతుంది. ఒక గీత దిగిన దారిలో అద్దం తేటపడుతుంది, మళ్లీ మసకబారుతుంది. ఇదంతా జరుగుతూ కూడా సీసా ఖాళీగా ఉంటే నీరు కాలువ దగ్గరే దారి తప్పుతోందన్న మాట.

కాలువ గొట్టం వైపుకు వాలి ఉందో లేదో చూడాలి. కొద్దిగా ఎదురు వాలు ఉన్నా నీరు అవతలి చివర నిలిచి తిరిగి తొట్టెలోకి పొర్లుతుంది. అద్దం కింది అంచు కాలువ లోపలికి రాకుండా ఇవతలే ఆగిపోతే చుక్కలు కాలువ తప్పి పడతాయి. గీతలు కాకుండా పెద్ద చుక్కలే అద్దానికి వేలాడుతుంటే అద్దం లోపల జిడ్డు ఉంది, కుంకుడు రసంతో గానీ సబ్బుతో గానీ రుద్ది, మంచి నీటితో బాగా కడిగి బిగించాలి. అసలు మసకే పట్టకపోతే ఎక్కడో సందు ఉంది: పెట్టె చుట్టూ వెలిగించిన అగరవత్తి తిప్పితే పొగ ఎక్కడ కదులుతుందో అక్కడే ఆవిరి పోతున్నట్టు.

నీళ్లు బాగున్నాయో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని (టీడీఎస్) చూపే, పెన్ను ఆకారంలో దొరికే టీడీఎస్ మీటరు ఒకటి ఉంచుకోవాలి. సక్రమంగా పనిచేసే పెట్టె నీరు లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపే చూపిస్తుంది. వందలలో చూపిస్తే తొట్టె నీరు ఎక్కడో చిమ్మి కాలువలో కలుస్తోంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారమే, వేరే దారి లేనిచోట 2,000 వరకు అనుమతి. ఫ్లోరైడుకు అవి 1 మిల్లీగ్రాము, 1.5 మిల్లీగ్రాములు, నైట్రేటుకు 45 మిల్లీగ్రాములు. మీటరు లవణాలను మాత్రమే పసిగడుతుంది. క్రిములున్నదీ, పురుగుమందు ఉన్నదీ అది చెప్పదు, అందువల్ల ఏడాదికి ఒకసారైనా నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించడం అవసరం.

## తాగడం

రుచి చప్పగా ఉంది. ఖనిజాలు లేని నీళ్లు తాగితే ఎముకలు అరిగిపోతాయంటారు, నిజమేనా?

చప్పగా ఉండడం నిజం, ఎందుకంటే నీటికి రుచినిచ్చేది అందులో కరిగిన లవణాలే. మనకు కావలసిన ఖనిజాలు ఎక్కువగా తిండి నుండి వస్తాయి. రాగి జావ, చేపలు, ఆకుకూరలు తినే ఇంట్లో ఈ నీటి వల్ల ఎముకలు అరుగుతాయని భయపడనక్కరలేదు. తిండి అంతంతమాత్రంగా ఉండి, చెమటోడ్చి పనిచేసేవారు ఏళ్ల తరబడి కేవలం ఇదే తాగడం మాత్రం అంత మంచిది కాదు. సరళమైన పరిష్కారం కలపడం: మీ బావి నీటిలో సమస్య ఉప్పదనం ఒక్కటే అయితే, క్లోరిన్ వేసిన ఆ నీటిని తొమ్మిది పాళ్ల స్వేదన జలానికి ఒక పాలు చేర్చవచ్చు. బావిలో టీడీఎస్ 2,500 ఉంటే మిశ్రమంలో అది సుమారు 250కి వస్తుంది, రుచి కూడా తేరుకుంటుంది. ఫ్లోరైడు, నైట్రేటు ఎక్కువున్న బావి అయినా, ఉద్దానంలోలాగా నీటి మీదే అనుమానం ఉన్నా, బావి నీరు కలపకుండా కుళాయి నీరో వాన నీరో కలుపుకోవాలి.

సముద్రపు నీళ్లు నేరుగా పోయవచ్చా?

పోయవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది బావి నీటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అయినా ఆవిరి వచ్చే వేగం కొద్దిగానే తగ్గుతుంది. కష్టమంతా కడగడంలో ఉంటుంది. ఒడ్డున తెచ్చిన నీటిని ఒక రాత్రి తేరనిచ్చి, ఇసుక, నాచు దిగాక గుడ్డతో వడగట్టి పోయాలి.

తోటల్లో కొట్టిన పురుగుమందు బావిలోకి దిగి ఉంటే, అది కూడా పోతుందా?

అన్నీ పోవు. ఆవిరి కాని మందులు తొట్టెలో మిగిలిపోతాయి, తేలికగా ఆవిరయ్యేవి నీటితో పాటు అద్దం దాకా వచ్చి సీసాలో దిగుతాయి. పెట్రోలు, కిరోసిన్ వాసన ఉన్న నీటి సంగతీ ఇంతే. అలాంటి అనుమానం ఉంటే తొట్టెలో పోసే ముందు నీటిని వెడల్పాటి పాత్రలో ఒక పగలంతా ఎండకు తెరిచి ఉంచి, వచ్చిన స్వేదన జలాన్ని యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుతో వడగట్టేది) గుండా పంపాలి. మందు డబ్బాలు కడిగిన చోటికి దగ్గరలో ఉన్న బావి నీటిని అసలు ముట్టకపోవడమే మంచిది.

క్రిములు చస్తాయా? మళ్లీ కాచుకోవాలా?

ఆవిరితో క్రిములు రావు, వేసవి మధ్యాహ్నం తొట్టె వేడికి అవి బతకవు కూడా. క్రిములు చేరేది సీసాలోనే: మూత లేని సీసా, వేలు ముంచిన చెంబు, గొట్టంలో దూరిన చీమ. గొట్టం సీసా మూతలోని రంధ్రం గుండా లోపలికి దిగాలి, గొట్టం చివర దోమతెర చుట్టాలి, సీసాను నీడలో ఉంచాలి. స్వేదన జలంలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఒకసారి కలుషితమైతే కాపాడేది ఏదీ లేదు. చంటిపిల్లలకు ఇచ్చే నీటిని ఎలాగూ కాచి చల్లార్చాలి.

## నిర్వహణ

ఎన్నాళ్లకు ఒకసారి కడగాలి?

ప్రతి ఉదయం అవసరానికి మించి నీరు పోసి పాత నీటిని బయటికి పోనివ్వడమే అసలైన కడుగు. 3 లీటర్లు ఇచ్చే పెట్టెకు 9 లీటర్లు పోసి మిగిలిన 6 లీటర్లను పొర్లు గొట్టం (మట్టం దాటిన నీరు బయటికి పోయే గొట్టం) ద్వారా వదిలితే, తొట్టెలో ఉప్పదనం, పోసిన నీటి కన్నా ఒకటిన్నర రెట్లకు మించదు, అడుగున గట్టిపడదు. ఈ పని పొద్దున్నే చేయాలి. మధ్యాహ్నం చన్నీళ్లు పోస్తే కూడిన వేడంతా పోతుంది, వేడి అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. అద్దం పైభాగాన్ని వారానికి రెండుసార్లు తుడవాలి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు జిగురు మీద దుమ్ము పట్టి, చూడడానికి శుభ్రంగానే ఉన్నా ఎండను ఆపేస్తుంది. అడుగున తెల్లని పెచ్చు కడితే చింతపండు పులుసు గానీ వెనిగర్ గానీ రాత్రంతా నాననిచ్చి, కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది. ఇనుప పీచు వాడితే నల్లరంగు కూడా పోతుంది.

మిగిలిన ఉప్పునీటిని ఎక్కడ పారబోయాలి?

కొబ్బరి మొదట్లో, జీడి తోటలో, బావి గట్టున పోయకూడదు. సముద్రపు నీరైతే ప్రతి 10 లీటర్లకు 350 గ్రాముల ఉప్పు ఒకేచోట చేరుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ మట్టిలో గడ్డి కూడా మొలవదు. సముద్రం నుండి తెచ్చినదాన్ని సముద్రంలోనే కలపడం సులువు. బావి నీరు మిగిలితే అది మామూలు కన్నా కొంచెమే ఉప్పగా ఉంటుంది కాబట్టి మరుగుదొడ్డికి, వాకిలి చల్లడానికి వాడుకోవచ్చు.

వానాకాలంలో ఏం చేయాలి?

స్వేదనం మీద ఆశ తగ్గించుకొని అదే అద్దాన్ని వాన పట్టడానికి వాడుకోవాలి. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఒక్కో చదరపు మీటరు అద్దం మీద ఏడాదికి వెయ్యి లీటర్లకు పైగా మంచినీరు దానంతట అదే దిగుతుంది. అద్దం బయటి అంచుకు ఒక కాలువ, దానికి విడిగా ఒక డ్రమ్ము పెట్టి, వాన మొదలైన తొలి పది నిమిషాల నీటిని వదిలేసి పట్టుకోవాలి. కట్టేటప్పుడే ఈ రెండో కాలువ పెట్టించుకోని వారు తరువాత తప్పక పెట్టించుకుంటారు.

తుఫాను వస్తే పెట్టె ఉంటుందా?

బిగించి వదిలేస్తే ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో ఈ తీరంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. తిత్లీ గాలికి ఉద్దానంలో కొబ్బరి చెట్లే వేళ్లతో సహా లేచిపోయాయి. అందువల్ల అద్దాన్ని సిలికాన్‌తో శాశ్వతంగా అతికించకుండా, రబ్బరు పట్టీ మీద ఆనించి క్లాంపులతో బిగించుకోవాలి. హెచ్చరిక రాగానే అద్దం తీసి, గోనె చుట్టి, ఇంట్లో గోడకు నిలబెట్టవచ్చు. తొట్టెను నీటితో నింపితే బరువుకు కదలదు. తుఫాను వెళ్లాక రోజుల తరబడి కరెంటు ఉండదు, బోరు మోటార్లు తిరగవు, క్యాన్ల వ్యాను రాదు. అప్పుడు చేతిపంపు ఉప్పునీటితో నడిచే ఈ పెట్టె విలువ తెలుస్తుంది. కానీ మబ్బు విడిచేదాకా అదీ పనిచేయదు కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో ఇరవై లీటర్ల నిల్వ మూత బిగించి ఉంచుకోవాలి.

## ఇంకా పెద్దగా, ఇంకో పనికి

ఊరంతటికీ సరిపోయేలా కట్టవచ్చా?

కట్టినవారు ఉన్నారు. చిలీలోని అటకామా ఎడారిలో లాస్ సాలినాస్ అనే చోట, నైట్రేటు గనుల్లో పనిచేసే కంచర గాడిదలకు తాగునీటి కోసం 1872లోనే 4,000 చదరపు మీటర్లకు పైగా అద్దాలు పరిచి రోజుకు 20 వేల లీటర్లకు పైగా తీశారు. అది దశాబ్దాల పాటు నడిచింది. మన దేశంలో భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1978లో గుజరాత్‌లోని అవానియా గ్రామంలో 1,800 చదరపు మీటర్లకు పైగా కట్టింది, దాని సామర్థ్యం రోజుకు సుమారు 5,000 లీటర్లు. రెండో లెక్క చూస్తే చదరపు మీటరుకు మూడు లీటర్ల లోపే.

దీన్ని బట్టి ఐదు వందల మంది ఉన్న మత్స్యకార గ్రామానికి మనిషికి 3 లీటర్ల చొప్పున ఇవ్వాలన్నా 500 చదరపు మీటర్ల అద్దం కావాలి, దాన్ని రోజూ కడిగే మనుషులు కావాలి. ఆ స్థాయిలో సోలార్ ప్యానెళ్లతో నడిచే ఆర్వో యంత్రమే తెలివైన పని. ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, మోస్తరు ఉప్పదనం ఉన్న బోరు నీటి నుండి వెయ్యి లీటర్లు తీయడానికి అది సరిపోతుంది. స్వేదన పెట్టెలు ఇంటికి, అంగన్‌వాడీకి, చిన్న బడికి తగిన వస్తువులు.

ఉన్న పెట్టె నుండే ఎక్కువ నీళ్లు రాబట్టలేమా?

కొంతవరకు వీలవుతుంది. వెనక గోడకు లోపల అద్దపు రేకు అంటిస్తే శీతాకాలపు వాలు ఎండ కూడా తొట్టెలోకి పడుతుంది. తొట్టెలో నల్లని నూలు గుడ్డ పరిచి, తడిగా మాత్రమే ఉంచితే పలుచని నీటి పొర త్వరగా వేడెక్కుతుంది, అయితే గుడ్డలో ఉప్పు పేరుకుంటుంది కాబట్టి తరచుగా ఉతకాలి. డాబా మీద సోలార్ వాటర్ హీటరు ఉంటే ఆ వేడినీటిని పోయడం మరో మార్గం.

అసలైన పెంపు వేరే చోట ఉంది. ఆవిరి చల్లబడినప్పుడు తాను తీసుకున్న వేడినంతా అద్దానికి ఇచ్చేస్తుంది, అది గాలిలో కలిసిపోతుంది. ఆ వేడితో రెండో పొర నీటిని, దాని వేడితో మూడో పొరను ఆవిరి చేయగలిగితే అదే ఎండతో ఎన్నో రెట్లు నీరు వస్తుంది. అమెరికాలోని ఎంఐటీ, చైనాలోని షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో ఇలా పది అంతస్తుల చిన్న పరికరంతో చదరపు మీటరుకు గంటకు 5.78 లీటర్ల వేగాన్ని చూపించారు. అది ప్రయోగశాలలో చేసిన నమూనా, మన మేస్త్రి కట్టగలిగినది కాదు.

వేటకు వెళ్లే పడవలో పెట్టుకోవచ్చా?

ఊగే పడవలో తొట్టె నీరు చిమ్మి కాలువలో కలుస్తుంది, కాబట్టి ఇంటి పెట్టె పనికిరాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త ప్రాణరక్షక తెప్పల కోసం గాలి ఊది నీటి మీద తేల్చే చిన్న స్వేదన సంచిని రూపొందించారు. అది ఒక మనిషి ప్రాణం నిలుపుకోవడానికి మాత్రమే ఉద్దేశించినది. వేటకు వెళ్లేటప్పుడు క్యాన్ల నీరు తీసుకెళ్లడానికి బదులుగా దేన్నీ నమ్మకూడదు.

ఈ నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీకి పోయవచ్చా? అమ్ముకోవచ్చా?

మీ ఇంటి బ్యాటరీకి నిశ్చింతగా పోయవచ్చు, టీడీఎస్ మీటరు 10 లోపు చూపించే రోజు నీటిని వేరే సీసాలో పట్టుకుంటే ఇంకా మంచిది. ఇనుప డబ్బాలో మాత్రం నిల్వ చేయకూడదు, ఇనుము కలిస్తే బ్యాటరీ పాడవుతుంది. బ్యాటరీ నీరుగా అమ్మాలంటే దానికి ఐఎస్ 1069 ప్రమాణం ఉంది, ప్రయోగశాల పరీక్షలో నెగ్గాలి. సీసాలలో తాగునీరుగా అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ అనుమతి తప్పనిసరి. ఇంజెక్షన్లలో కలపడానికి, పుండ్లు కడగడానికి ఈ నీటిని ఎవరికీ ఇవ్వకూడదు. దానికి కావలసిన శుద్ధి వేరు. మెకానిక్ షాపులో రోజుకు నాలుగైదు లీటర్లు ఖర్చయ్యే చోట రెండు చదరపు మీటర్ల పెట్టె ఒకటి ఉంటే, వేసవి నెలల్లో బ్యాటరీ నీటి కొనుగోలు దాదాపు ఆగిపోతుంది.